చేతికి అలవాటైన చేపలు

బావా,

నేను బాగానే ఉన్నాను. నువ్వు పంపిన చేపలే బాగాలేవు. ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించకు.

మా హోటల్ వెనక కుంట మోకాలి లోతు కూడా ఉండదు. నీళ్లు కాస్త పచ్చబడితే చాలు, ఓనరు ముఖం మాడ్చుకుంటాడు. "అడుగున రాళ్లు కనబడాలయ్యా. జనం ఇంత పోసి గది తీసుకునేది పాచి చూడ్డానికా?" అంటాడు. బ్లీచింగ్ పొడి వేస్తే చేపలు బతకవని ఒకసారి చెప్పి చూశాను. "చేపలదేముంది, మీ బావ పంపుతాడుగా" అన్నాడు.

నువ్వు పంపుతూనే ఉన్నావు. నేను పొడి కలుపుతూనే ఉన్నాను. తేలినవాటిని జనం లేవకముందే ఏరేసి కొత్తవి వదులుతాను. వాళ్లేమో నీళ్లు అద్దంలా ఉన్నాయని మెచ్చుకుని ఫొటోలు దిగుతారు.

నీ బేరం చెడగొట్టను, నా ఉద్యోగమూ పోగొట్టుకోను. ఒక్కటే అడుగుతున్నాను. అక్క తన తొట్టిలో చేత్తో మేత పెట్టి పెంచినవి మాత్రం పంపకు. అవి మనిషిని చూస్తే చాలు, ఒడ్డుకు వచ్చేస్తాయి. మొన్న నేను పొడి డబ్బా పట్టుకుని వంగితే, మేత అనుకుని నోళ్లు తెరిచాయి.

నీ బావమరిది