కొబ్బరికాయ వెంట ఇరవైమంది

లూసియానా,
25 ఫిబ్రవరి 2009

సౌభాగ్యవతి లీలావతికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఎగ్గొడదామనే అనుకున్నాను. కానీ ఫోనులో నువ్వు నన్ను రెండో మాట చెప్పనివ్వవు, ఈ సంగతేమో పదో మాటకి గానీ రాదు. ఇక్కడ నేను క్షేమం. టెక్సస్ కాపెల్‌లో మన అమ్మాయి రేణు, దాని పసివాడు, వాళ్ళిద్దరికీ చాకిరీ చేస్తున్న నువ్వు క్షేమమని తలుస్తాను.

అడిగినవాటికి జవాబులు. కరివేపాకు మొక్కని చలికి లోపల పెట్టాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. ఫ్రీజర్‌లో నువ్వు దాచిన బెండకాయ ముక్కలు లేవు. వాటి సంగతికే వస్తున్నాను.

నిన్న మార్డి గ్రా పండగ. ఏటా ఈ చుట్టుపక్కలవాళ్ళు ముసుగులేసుకుని, గుర్రాలెక్కి, ఊరుమ్మడి గంబో పులుసుకి ఇంటింటా కోడినీ బియ్యాన్నీ అడుగుతూ, వదిలిన కోడిని తరిమి పట్టుకుంటూ తిరుగుతారు కదా. మన గేటు ముందు మాత్రం ఆగరు. “ఏమండీ, పదేళ్ళయినా మనల్ని ఈ ఊరివాళ్ళుగా లెక్కెయ్యరు” అని నువ్వు కిటికీ దగ్గర చిన్నబుచ్చుకోవడం, నేను పేపరు వెనక దాక్కోవడం మామూలే.

ఎందుకు దాక్కున్నానో ఇప్పుడు చెబుతున్నాను. ఇల్లు కొన్న మొదటేడు వాళ్ళు ఆగారు. నువ్వు స్నానంలో ఉన్నావు. నేను ముసుగులు చూసి దొంగలనుకుని గడియ పెట్టి, కిటికీలోంచి “పొండి, పొండి” అని చెయ్యి ఊపాను. వద్దన్న ఇంటికి మళ్ళీ వెళ్ళకపోవడం వాళ్ళ మర్యాద.

మొన్న వాళ్ళ నాయకుడు టెరియో ఇంటికెళ్ళి ఒప్పేసుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. “మా అమ్మ బళ్ళో ఇంగ్లీషు కాకుండా ఇంటి భాష ఫ్రెంచి మాట్లాడి దెబ్బలు తిని కూడా మానలేదు. నువ్వు ఒక్క ‘పొండి’కి పదేళ్ళు దాక్కున్నావా, మిస్టర్ రావ్!”

నిన్న నాయకుడి ఆనవాయితీ ప్రకారం తెల్లజెండా పట్టుకుని గేటు దగ్గర ఆగి, రావచ్చా అని ఫ్రెంచిలో అడిగాడు. ఇక్కడి బియ్యం మిల్లులో పదేళ్ళు ఆ భాష విన్నవాణ్ణి, పైగా జవాబు కాలెండరు వెనక రాసుకుని బట్టీపట్టాను. తీరా నోట్లోంచి “రండి బాబూ, రండి!” అని వచ్చింది. వచ్చారు.

పాడారు, ఆడారు, నా చేతా ఆడించారు. మోకాలు బాగానే ఉంది. సోనామసూరి బస్తా, గంబోలోకి నీ బెండకాయలు ఇచ్చేశాను. “కోడేదీ? మేం దేన్ని తరమాలి?” అని ఒకటే గోల. మనింట్లో కోడెక్కడిది? దేవుడి గూట్లోంచి కొబ్బరికాయ తెచ్చి వాకిట్లో దొర్లించాను. ఇరవైమంది దాని వెంట పడ్డారు. టెరియో మురుక్కాలవలోకి దూకి పట్టుకున్నాడు.

వచ్చే ఏడు గేటు నువ్వు తియ్యి. తిట్టాలనుంటే ఫోనులో తిట్టు, అడ్డురాను.

సాయంత్రం టెరియో భార్య వచ్చి కొబ్బరికాయ తిరిగిచ్చింది. కడిగి గూట్లో పెట్టాను.

ఇట్లు,
నీ పెనిమిటి
వీరభద్రరావు