టికెట్టుకు బరువు వైపు

చిట్టితల్లి వరలక్ష్మికి నాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగడానికి కలం సాగడం లేదు.

ఈవేళ సంతోషం పట్టలేకుండా ఉన్నానమ్మా! పది రోజులుగా దగ్గుతోందని నీ కూతుర్ని ఏలూరు తీసుకెళ్లాను. స్టేషన్లో ఎవరి పేపరో చూసి, "తాతయ్యా, ఆలోచించే మిషను కనిపెట్టారంట! మరి జాతకం చెప్పే ఈ బరువు మిషను ఆలోచించదా?" అంది. అచ్చం నీ నోరే!

నీ దగ్గుకి పెద్దాసుపత్రిలో చూపిద్దామని వచ్చిన రోజు నువ్వూ అదే మిషనెక్కావు. అది ఇచ్చిన టికెట్టు మీది ఇంగ్లీషు జాతకం ఎవరో పెద్దమనిషి చదివి, "నిండు నూరేళ్లండీ" అన్నారు. "మిషనుకి అబద్ధమాడే పనేంటి నాన్నా, ఇంటికి పోదాం" అన్నావు. నేనూ మురిసిపోయి నిన్ను తిరుగు బండెక్కించేశాను. రెండో వైపు బరువు అంకె ఉంది. అంకెలు నాకు వచ్చు కదమ్మా. అట్లతద్దినాటి కంటే పద్దెనిమిది పౌన్లు తగ్గావు. అది చూసి కూడా ఊరుకున్నాను. ఏడాది తిరక్కుండానే నువ్వు లేకుండా పోయావు.

ఈవేళ నీ కూతురు పోయినసారి కంటే ఆరు పౌన్లు పెరిగింది తల్లీ, ఆరు! "జాతకం చదివించుకుందామా తాతయ్యా?" అంది. "వద్దమ్మా, దానికి తెలిసింది బరువొక్కటే" అని నేరుగా ఆసుపత్రికి నడిపించాను. డాక్టరుగారు ఛాతీకి ఫోటో తీయించి చూసి, "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయండీ, ఉత్త జలుబు" అన్నారు. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

నీ టికెట్టు నా పెట్టెలోనే ఉంది. బరువు వైపు పైకి పెట్టి ఉంచుకున్నాను.

నీ నాన్న