తొందర లేదు

చిరంజీవి జిగురుకి,

మైకు బావ ఆశీస్సులు. అక్షరాలు చూసి అనుమానపడకు, చేతిరాత మీ అక్కది. ఆపరేషన్ అయ్యాక నా చెయ్యి వణుకుతోంది. నేను పలక మీద ముక్కలు ముక్కలుగా రాస్తే ఆవిడ వాటిని ఉత్తరంగా కుడుతోంది.

గొంతు తీసేశారని నీకు తెలిసిందే. రేసు ట్రాకులో జీవితమంతా మైకు పట్టుకుని కామెంటరీ అరిచినవాడికి మెడలో ఒక రంధ్రం, అందులో ఒక గొట్టం మిగిలాయి. దగ్గితే ఈల వస్తుంది. ఫోను చేసి లాభం లేదు, అవతలివాళ్ళు కుక్కరనుకుంటారు. నువ్వు చూడ్డానికి రాలేదు. సరే, ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం. అంటే, రాసుకుందాం.

ఇప్పుడు అసలు పని. నేను రిటైరైన రోజున ఆ ముసలి రేసరు తన ఎర్ర రెండు సీట్ల కారు నాకిచ్చాడు చూడు, "నా కారు కంటే నీ నోట్లో నా పేరే వేగంగా పోయిందయ్యా" అని. ఇన్నాళ్ళూ షెడ్డులో గుడ్డ కప్పుకుని పడుకుంది. మెకానిక్ దాన్ని లేపాడు. లారీ మీద నీ షాపుకి పంపుతున్నాను. రంగు గీసుకుపోకుండా కార్లకు అతికిస్తావే, కంటికి కనపడని ఫిల్ము, అది దీనికి ఒళ్ళంతా వెయ్యి. తలుపుల మీద రేసరు పాత నంబరు స్టిక్కరు. వెనకాల పెద్ద అక్షరాలతో "తొందర లేదు" అని ఇంకొకటి.

ఇట్లు,
నోరు మూసుకున్న మీ బావ

తా.క.: ఆ ఫిల్ము గేటు స్తంభాన్ని ఆపుతుందా?

ఇంకో తా.క.: డ్రైవరు పక్క సీటు, మనిషి పడుకునేంతగా వెనక్కి వాలాలి. వీలవుతుందా?

*

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. కారు క్షేమంగా చేరింది. కడిగి, కార్లకు వాడే మెత్తటి మట్టిముద్దతో ఒళ్ళంతా రుద్ది, పాత మురికి లాగేశాను. రంగు ఇంకా బతికే ఉంది. ఫిల్ము బాగా పడుతుంది. రోడ్డు మీద లేచే కంకర తగిలినా రంగుకేమీ కాదు. చిన్న గీతలు పడితే ఎండలో పెట్టండి, వాటంతట అవే మానిపోతాయి. కంపెనీవాళ్ళు <s>పదేళ్ళు గ్యారంటీ</s> మంచి గ్యారంటీ ఇస్తున్నారు.

స్టిక్కర్ల సంగతి ఒకటి అడగాలి. వాటిని ఫిల్ము కింద అంటిస్తే ఎప్పటికీ ఉంటాయి. పైన అంటిస్తే తర్వాత తీసేసుకోవచ్చు, కారుకి మచ్చ పడదు. పైనే వేద్దామని నా ఉద్దేశం. "తర్వాత" అని మామూలుగా అన్నాను, ఇంకేం లేదు.

మీకు డ్రైవింగ్ రాదు కదా బావగారూ. కార్ల గురించి లోకమంతా వినేలా చెప్పారు గానీ స్టీరింగు ముట్టుకోగా నేను చూడలేదు. ఇది ఎవరికోసమో తెలిస్తే బాగుండేది.

ఇట్లు,
మీ విధేయుడు జిగురు

తా.క.: ఫిల్ము రాళ్ళను ఆపుతుంది. స్తంభాలను ఆపదు. స్తంభాలకు ఎదురెళ్ళకుండా ఉండటమే మందు.

ఇంకో తా.క.: షాపులో పని ఒత్తిడి వల్ల రాలేకపోయాను. అక్కకు చెప్పండి.

*

చిరంజీవి జిగురుకి,

మీ బావ దీవించి రాయునది. "పదేళ్ళు గ్యారంటీ" అని రాసి కొట్టేశావు. కొట్టేసిన గీత కింద చక్కగా కనపడుతోంది. ఇంకోసారి సిరా పోసి కొట్టెయ్యి, నీ మొహమాటం నాకు అర్థమవుతుంది.

స్టిక్కర్లు పైన వేస్తే తర్వాత తీసేసుకోవచ్చన్నావు. తర్వాత అంటే ఎప్పుడురా? ఎవరు తీస్తారు? కిందే వెయ్యి.

గీతలు వాటంతట అవే మానే ఫిల్ము గురించి రాశావు. మా డాక్టరుకి ఆ ఫిల్ము ఒక చుట్ట పంపు. మొన్న మళ్ళీ ఆసుపత్రిలో చేర్చి స్కాన్ తీశారు. ఊపిరితిత్తిలో ఏదో కనపడింది. ఏమిటని పలక మీద రాసి చూపిస్తే ఆయన నా వైపు చూడకుండా చేతిలో పెన్నుతో మాట్లాడాడు. ఇక కోసేదేమీ లేదట. అందుకని నీ పని త్వరగా కానియ్యి.

ఊరంతా తిరగడానికి కాదు. ఒక్కటే ప్రయాణం. పొద్దున్నే, రోడ్డు మీద జనం లేనప్పుడు. నేను వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉంటాను. నా వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

ఇట్లు,
మీ బావ

తా.క.: మీ అక్క కులాసా. ఏడవటం మానేసింది, పనులున్నాయట.

*

పూజ్యులైన బావగారికి,

మీ ఉత్తరం చదివి షట్టరు దించేసి కూర్చున్నాను. మీరడిగేదేమిటో నాకు అర్థమైంది. సీటు పడుకునేలా కావాలన్నారు. వెనకాల "తొందర లేదు" అన్నారు. ఒక్కటే ప్రయాణం అన్నారు. బావగారూ, మీ మీద గౌరవంతో చెబుతున్నాను, ఆ ప్రయాణానికి ఈ కారు పనికిరాదు.

కారణాలు చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఇందులో చోటు ఇద్దరికే. ఒకరు మీరు, ఒకరు డ్రైవరు. మిగతావాళ్ళు వెనక నడవాలి. ఇది నెమ్మదిగా పోతే ఇంజను వేడెక్కి ఆగిపోతుంది. వేగంగా పోతే వెంట వచ్చేవాళ్ళు పరిగెత్తాలి. మీ స్నేహితుల్లో సగంమందికి మోకాళ్ళ నొప్పులు. దారి మధ్యలో ఆగితే తొయ్యాలి. ఏడుస్తూ తొయ్యడం ఎంత కష్టమో ఆలోచించండి. పైగా సీటు బెల్టు పెట్టాలా వద్దా అన్నది పోలీసులకు కూడా తెలియదు.

ఇదంతా రాయడానికి నాకు చేతులు రావడం లేదు. మీరు ధైర్యంగా ఉండాలి.

పని కాస్త ఆలస్యమవుతుంది. బానెట్ మీద ఫిల్ము కింద దుమ్ము రేణువు ఒకటి చిక్కుకుంది. మొత్తం ఊడదీసి మళ్ళీ వెయ్యాలి.

ఇట్లు,
మీ జిగురు

తా.క.: ఈ విషయాలేవీ అక్కకు తెలియనివ్వకండి. ఆవిడ తట్టుకోలేదు. ఈ ఉత్తరం మీరే చదువుకోండి.

*

ఒరే జిగురూ,

ఈసారి దీవెనలు లేవు. నీ ఉత్తరం మీ అక్కే చదివి వినిపించింది. "అక్కకు తెలియనివ్వకండి" అన్న ముక్క కూడా వదలకుండా, గట్టిగా.

శవాన్ని రేసు కారులో ఎవరు తీసుకెళ్తార్రా? నేను ఊపిరితో ఉండగానే తిరిగొద్దామనుకున్నాను. కూర్చుంటే దగ్గు ఆగదు, అందుకని వాలే సీటు. ఏడుస్తూ తొయ్యడం దగ్గరికొచ్చేసరికి నవ్వొచ్చి గొట్టం ఒకటే ఈల వేసింది. అది నవ్వని తెలియక నర్సు పరిగెత్తుకొచ్చింది. కారణం చెబితే ఉత్తరం తీసుకెళ్ళి నర్సుల గదిలో అందరికీ చూపించింది. ఇప్పుడు వార్డులో నువ్వు నాకంటే పెద్ద పేషెంటువి.

డ్రైవరు దొరికారు. వయసు కాస్త ఎక్కువే, అలవాటు తక్కువ. బ్రేకు మీద భక్తి ఉంది. స్తంభాల సంగతి అందుకే అడిగాను. జీతం అక్కర్లేదన్నారు.

ఇట్లు,
ఇంకా పోని మీ బావ

తా.క.: దుమ్ము రేణువు ఒకటే అన్నావు. ఇన్నాళ్ళుగా ఊడదీస్తున్నావు, అది రేణువా, కొండా?

*

బావగారికి,

నమస్కారం. నా తెలివితక్కువకు క్షమించండి. కానీ మీరు రాసినదాంతో నా భయం ఎక్కువైంది. వయసు మీరినవాడు, అలవాటు లేదు, జీతం వద్దంటున్నాడు. ఏ మతి ఉన్నవాడు జీతం వద్దంటాడు? కచ్చితంగా ఆ ట్రాకు దగ్గర తాగి పడుండే పాత డ్రైవర్లలో ఒకడు. వాడి చేతిలో మీ ప్రాణం పెడతారా? మీకేమైనా అయితే అక్క గతేమిటి? ఆవిడ అమాయకురాలు. ఇంటి గేటు దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళలేదు.

దుమ్ము సంగతి. దుమ్ము లేదు. బానెట్ మొదటిసారే అద్దంలా వచ్చింది. నేనే బాగున్న ఫిల్మును ఊడదీసి మళ్ళీ వేశాను, రెండోసారి కూడా. సబ్బునీళ్ళు చల్లడం, పరచడం, రబ్బరు పలకతో నీళ్ళు బయటికి తొయ్యడం, అంచులు వేడిచేసి మడవడం, మళ్ళీ లాగెయ్యడం. కారు ఇక్కడున్నంతకాలం మీరు ఉత్తరాలు రాస్తారు. అది వెళ్ళిపోయాక రాయడానికేముంటుంది?

నాన్నకు మాట పడిపోయాక పక్కన కూర్చున్నది నేను. ఆయన పెదవులు కదిలించేవాడు, నేను తల ఊపేవాణ్ణి. ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. ఆ గది మళ్ళీ చూడలేక మీ దగ్గరికి రాలేదు. షాపులో పని ఒత్తిడి ఏమీ లేదు.

సీటు వెనక్కి వాలేలా చేశాను, రేపు లారీ ఎక్కిస్తున్నాను. స్టిక్కర్లు ఫిల్ము కిందే వేశాను. ఇక తియ్యడం ఎవరివల్లా కాదు.

ఇట్లు,
జిగురు

తా.క.: తాళాలు ఆ తాగుబోతు చేతికి వెళ్ళకూడదు. అక్క చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దని లారీవాడికి గట్టిగా చెప్పాను.

*

తమ్ముడికి,

అక్క రాయునది. కారు అందింది. తాళాలు నీ మాట ప్రకారం నా చేతికే ఇచ్చాడు. డ్రైవరు చేతికే ఇచ్చాడన్నమాట.

అవునురా, ఆ తాగుబోతును నేనే. ఆయనకు రేడియేషన్ ఇస్తున్నంతసేపు బయట కుర్చీలో కూర్చుని ఏడ్చేదాన్ని. ఆసుపత్రి ఎదురుగా డ్రైవింగ్ స్కూలు ఉంది. ఎలాగూ కూర్చోవాలి కదా, అక్కడ కూర్చుందామనిపించింది. లైసెన్సు మూడోసారికి వచ్చింది. "తొందర లేదు" అన్నది వేదాంతం కాదు, వెనకనుంచి హారన్ కొట్టేవాళ్ళకు సమాధానం.

ఇంకొకటి చెప్పాలి. చేతిరాతే కాదు, ఆ ఉత్తరాలన్నీ నావే. ఆపరేషన్ అయిన రోజునుంచి మీ బావ పలక ముట్టుకోలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెడితే తిన్నాడు, లేపితే లేచాడు. డాక్టరుని అడిగింది నేను. ఆయన పెన్నుతో మాట్లాడింది నాతో. నువ్వేమో నాకు "ధైర్యంగా ఉండక్కా" అని తప్ప రాయవు. ఆయనకైతే నీ వంకర కబుర్లన్నీ రాస్తావని, ఆయన పేరు పెట్టుకుని మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు విన్న నోరు, ఆ మాటలు ఎలా వస్తాయో నాకు తెలియదా? నీ జవాబులు ఆ వీపుకి చదివి వినిపించేదాన్ని. ఏడుస్తూ తొయ్యడం చదివినప్పుడు వీపు కదిలింది. ఈల, నర్సు, అదంతా నిజం. నీ చివరి ఉత్తరం చదివినప్పుడు ఇటు తిరిగాడు. నాన్న గురించి రాసినది మళ్ళీ చదవమని చేత్తో సైగ చేశాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. నిన్న పొద్దున ట్రాకుకి తీసుకెళ్ళాను. వాచ్‌మన్ గేటు తీసి దండం పెట్టాడు. సీటు వాల్చి, మెడ కింద దిండు పెట్టి, బయల్దేరాను. ఎండ పడి బానెట్ మెరుస్తోంది. నాకు ఆ అందం చూసే తీరిక లేదు. ఇంజను ఒకటే రొద. సగం చుట్టు అయ్యేసరికి ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. ప్రాణం పోతోందేమోనని ఆపేశాను. పలక కావాలన్నాడు. ఇన్ని నెలల తర్వాత ఆ మనిషి రాసిన మొదటి మాట ఏమిటో తెలుసా? "గేరు మార్చు."

అక్కణ్ణుంచి ఆగలేదు. మలుపు తప్పు తీశానట, క్లచ్‌ను చంపుతున్నానట. తుడవడం, రాయడం, తుడవడం, రాయడం. రోడ్డు చూడాలా పలక చూడాలా అని అరిచాను. మొన్నటిదాకా నోరు విప్పమని దేవుణ్ణి అడిగినదాన్ని.

వానలు పడేదాకా ఉంటాడన్నాడు డాక్టరు. ఈసారి ఆయన ఎదురుగానే చెప్పాడు. మీ బావ తల ఊపాడు.

ఇట్లు,
మీ అక్క

తా.క.: గేటు స్తంభాన్ని ఫిల్ము నిజంగానే ఆపలేదు. బంపరు ఎడమ మూల ఊడింది.

ఇంకో తా.క.: ఈ కింద వంకరగా ఉన్న గీతలు మీ బావ స్వహస్తం. నేను దిద్దలేదు.

"జిగురూ. కారు బాగుంది. డ్రైవర్ని మార్చలేం. నువ్వు రా. నా పెదవులు కదిలితే తల ఊపక్కర్లేదు, పలకుంది."