చివరి పేజీల్లో దొరికిన ఉత్తరం

మొయినాబాద్, 1969 జూలై, గురువారం రాత్రి

మద్రాసు కాలేజీలో నాకు సీటొచ్చి మూడు వారాలైందట! సాయంత్రం ప్రార్థనలో అవ్వ పరలోకం గురించి చదవమంది. బైబిలు చివరి పేజీలు తీస్తే ఆ కబురున్న ఉత్తరం కనబడింది. రోజుకో అధ్యాయం చొప్పున ఇంకా కీర్తనల్లోనే ఉన్నాం కదా, అక్కడిదాకా ఇప్పట్లో రామని దాచాడు బాపు. చదువు రాదు, ఈ తెలివి మాత్రం వచ్చింది.

"పాస్టరయ్య చదివి చెప్పిండు. అంత ఫీజు మనతోని అయితదా? పట్నంల చదువుకో, బస్సుల పోయి రావచ్చు."

"పట్నంల కాలేజీలు ప్రత్యేక రాష్ట్రం సమ్మెతోని మూతబడ్డయి గద బాపూ!"

"ఇయ్యాల కాకుంటె రేపు తెరుస్తరు. ఇగ చదువు బిడ్డా."

ఫీజు సంగతి నాకు తెలియదా? అడిగితే నేనే వద్దనేదాన్నేమో. ఒక్క మాట అడగలేదు. అదీ నా మంట.

చదవమన్నాడుగా, చదివాను. అధ్యాయం కాదు, ఉత్తరం. ఇంగ్లీషును తెలుగులో చెబుతూ, దేవుని వాక్యం చదివినంత నిదానంగా చదివాను. చేరడానికి గడువు మొన్న సోమవారంతో తీరిపోయింది. ఆ తర్వాత సీటు ఇంకొకరిదట.

ఉత్తరం మడిచాను.

బాపు తల ఎత్తకుండానే "ఆమెన్" అన్నాడు.