పుస్తకంలో లేని పేరు

కడప, 1953 ఆగస్టు 8, శనివారం

గొంతు నొప్పిగా ఉంది. యుద్ధంలో నాయన పనిచేసిన రెజిమెంటు చరిత్ర ఇంగ్లీషులో అచ్చయి పోస్టులో వచ్చింది. మన జిల్లాల వాళ్ళను చేర్చుకుని, శత్రు విమానాలను కూల్చడానికి బర్మా సరిహద్దుకు పంపిన ఫిరంగుల రెజిమెంటు అది. మూడు రోజులుగా తెలుగులో చెప్పి వినిపిస్తున్నాను. ఆ ఫిరంగుల మోతకే నాయనకు చెవుడు వచ్చింది కనుక అరిచి చెప్పాలి.

ఈరోజు చివరి పేజీకి వచ్చాం. అందులో దొరల పేర్లు మాత్రమే ఉన్నాయి.

"మా యాకోబు పేరు యాడుండాది మేరీ?" అన్నాడు నాయన. యాకోబు మామ ఆయన పక్కనే నిలబడి గుండ్లు అందించి, మలేరియాతో అక్కడే పోయాడు.

ఆయన ముఖం చూసి లేదనలేకపోయాను. "ఈడనే ఉండాది నాయనా. జరంలో కూడా గుండ్లు మోసినాడని రాసినారు," అని అరిచాను. నేను ఇంత గట్టిగా అబద్ధం చెప్పడం ఇదే మొదలు.

నాయన ఏడ్చాడు. వెంటనే చెప్పులేసుకుని యాకోబు మామ భార్య మరియమ్మత్త ఇంటికి పోయి, నవ్వుతూ తిరిగొచ్చాడు.

"'బడి గడప ఎక్కనోడు పుస్తకం ఎక్కినాడా!' అని ఒకటే నవ్వు. రేపు ఆరాధన అయినాక వస్తాదంట. ఆ పేరు మీద వేలు పెట్టి సూసుకోవాలంట. పేజీలో గుర్తుకు దారం పెట్టు పాపా."

మరియమ్మత్తకు చదువు రాదు. ఏ దొర పేరు మీద వేలు పెట్టించినా నమ్మి, దాన్నే తడుముకుంటుంది.

దారం ఇంకా నా చేతిలోనే ఉంది.