మోకాళ్లు రెండు, కడుపు ఒకటే

తమ్ముడూ, నూరేళ్లు చల్లగా ఉండు.

మిషను తొక్కుతుంటే మోకాళ్లు ప్రాణం తీస్తున్నాయిరా. ఎడమదానికి ఎముకల డాక్టరు తెల్లమాత్ర ఇచ్చాడు. కుడిదాని సంగతి ఆయనకు చెప్పడం మర్చిపోయి ఇంకో డాక్టరు దగ్గరికెళ్తే, పసుపుమాత్ర ఇచ్చాడు. రెండూ వేసుకుంటున్నాను. పేర్లు వెనకాల రాశాను. కుట్టు ఆగిపోతే నాకు బతికినట్టే ఉండదు.

మీ అక్క

తా.క. మందుల షాపులో పనిచేస్తావు కదా, ఒక్కో మోకాలికి ఒక్కో రంగని ఎప్పుడూ చెప్పలేదేం?

అక్కకు నమస్కారం.

మాత్రకు కుడీ ఎడమా తెలియదే. పేర్లు వేరైనా ఆ రెండూ వాపు తగ్గించే ఒకే జాతి మందులు. మోకాళ్లు రెండైనా కడుపు ఒకటే. రెండూ కలిస్తే కడుపులో పుండు పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. తెల్లది ఒక్కటే, భోజనం చేశాక, డాక్టరు చెప్పినన్నాళ్లే వేసుకో. పసుపుది ముట్టుకోకు.

నీ తమ్ముడు

తా.క. మూడో డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లకు.

తమ్ముడూ, నీ నోటి చలవ వల్ల బాగున్నాను.

పసుపువి మానేశాను. పారేయడానికి చేతులు రాక, నడుంనొప్పని మూలుగుతున్న మీ బావకు రోజూ ఒకటి ఇస్తున్నాను.

మీ అక్క

తా.క. "హాయిగా ఉందే" అన్నారు. పెళ్లయినప్పటి నుంచీ నేనిచ్చింది ఏదీ ఆయన ఇంతగా మెచ్చుకోలేదు.

అక్కా, నీకు దణ్ణం పెడతాను.

బావ గుండెలో స్టెంటు ఉంది, రక్తం పలచబడే మందు వాడుతున్నాడు. దానిమీద ఇది పడితే లోపల్లోపల రక్తం కారుతుంది. వెంటనే ఆపించు. కడుపునొప్పి వచ్చినా, విరేచనం తారులా నల్లగా అయినా నా ఉత్తరం కోసం చూడకుండా ఆసుపత్రికి పరిగెత్తండి. నాకు భయంగా ఉంది.

నీ తమ్ముడు

తా.క. పారేయడానికి మనసొప్పకపోతే నాకు పంపు, నేను పారేస్తాను.

తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది.

ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నాను. నీ ఉత్తరం చూసి "నల్లగా అవుతోందా" అని మీ బావను నిలదీశాను. ఆయనకేం లేదు. అయ్యేది నాకు. ఆయన నడుంనొప్పి కంగారులో పడి నా సంగతి నేను చూసుకోలేదు. రక్తం ఎక్కించారు, గండం గడిచింది.

మీ బావ ఆ మాత్ర ఒక్కటీ మింగలేదట. నొప్పి మాత్రలు వద్దని గుండె డాక్టరు ముందే చెప్పాడట. నన్ను కాదనలేకపోయారు. నేను మిషను దగ్గర కళ్లనీళ్లు పెట్టుకోవడం చూసి, ఆ పసుపుమాత్రను పొడిచేసి పొద్దుటి కాఫీలో కలిపి నాకే పోశారు. అదంతా డాక్టరు ముందు చెప్పి పసిపిల్లాడిలా ఏడ్చారు. తిడదామని నోరు తెరిచాను, నాకూ ఏడుపే వచ్చింది.

ఇక ఎవరెంత ప్రేమగా ఇచ్చినా డాక్టర్ని అడగందే మాత్ర మింగను.

మీ అక్క

తా.క. ఇంటికెళ్లాక కాఫీ నేనే కలుపుకుంటానన్నాను. ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకోనీ.