వెంకటముని చూసిన గీత

తిరుపతి,
9-2-1984

మునిలక్ష్మమ్మ గారికి,

టెలిస్కోపు దగ్గర మీ వారికి పై అధికారిగా పనిచేసినవాణ్ని. మూడేళ్ల కిందట ఒక దూరపు గెలాక్సీ వెలుగు తగ్గినప్పుడు, దాని వర్ణపటాన్ని ఫొటో తీసిన గాజుపలక మీద వెంకటముని కొత్త గీత ఒకటి చూశాడు. కడగడంలో పడిన మరకన్నాను.

"మరక కాదు సార్, ఇంగోసారి సూడండి" అని బతిమాలాడు. మళ్లీ చూడకుండానే పలక పారేయించాను. ఆ ఏడే అతను జ్వరంతో పోయాడు.

మొన్న ఆ గెలాక్సీ మళ్లీ మసకబారింది. నేను తీసిన పలక మీద అదే చోట అదే గీత వచ్చింది. అప్పటినుంచి చీకటిగదిలో పలక కడుగుతుంటే నా భుజం మీదుగా ఎవరో వంగి చూస్తున్నట్టే ఉంటుంది. దీపం వేస్తే పలక పాడవుతుంది. వెనక్కి తిరగడానికి నాకు ధైర్యం లేదు.

వ్యాసంలో అతని పేరే ముందు వేస్తాను. ఆధారానికి, పలకల మీద చూసినవన్నీ అతను రాసుకున్న నోటుపుస్తకం కావాలి. పోస్టులో పంపకండి, ఆదివారం రేణిగుంటకు నేనే వస్తాను. కర్మకైనా రాని నన్ను గడప బయటే నిలబెట్టి, అడగదలచినవన్నీ అడగండి.